మూడు గడపల పెద్దబాపు

పోయిన నెల ఒక మంగళవారం పొద్దుగాల మా పెద్దబాపు పోయిండు. మా బాపుకు అన్న. నన్ను పెంచినాయన. నేను అప్పుడు బొల్లారంల, కంపెనీ క్యాంటీన్ల ఉప్మా తింటున్న. మాకు గేటు కాడనే ఫోన్లు గుంజుకుంటరు కాబట్టి ఇంటికాడికెళ్లి ఎన్ని ఫోన్లు వచ్చినయో నాకు తెల్వదు. సెక్యూరిటీ ఆయన చెప్తే షిఫ్ట్ ఇన్‌చార్జి వచ్చి, "మీ పెదనాన్న అంట, పోయిండంట, ఇంటికి రమ్మంటున్నరు" అన్నడు. అక్కడితోని ఊకుంటే మనిషే. "హాఫ్ డే లీవు రాసి పో" అని గూడ అన్నడు. రాసిన. ఏం రాసిన్నో యాదికి లేదు. ఆ మాట మాత్రం నేను సచ్చేదాక యాదుంటది.

మా ఊరు లక్డారం చేరేసరికి ఇంటిముందట టెంటు పడ్డది. పెద్దబాపు పొద్దుగాల చాయ తాగి, నా బిడ్డకు బడికి పోనీకె బూట్లు తొడిగి, లేద్దామని గోడకు చెయ్యి ఆనిచ్చి, ఇగ లేవలేదట. డెబ్బై దాటిండు, ఒక్కనాడు గూడ తన కోసమని దవాఖాన మెట్లెక్కలే. గంత అల్కగ పోవుడు ఆయనకే చెల్లింది.

ఏడ్చిన. దాచేది ఏమున్నది. కానీ ఏడుస్తుంటేనే నవ్వు గూడ వచ్చింది, ఎందుకంటే టెంటు కింద మూడు గుంపులు నిలబడి ఒకరి మొఖం ఒకరు చూస్తున్నరు. ఒక దిక్కు మొహర్రం పీరీలను నిలబెట్టే కొట్టం చూసుకునే ముజావర్ సాబు, చేతిల పీరుకు కట్టే ఆకుపచ్చ దట్టి మడత. ఇంకో దిక్కు పెద్దబాపుతోని అయ్యప్ప మాల ఏసే దోస్తులు, ముందట గురుస్వామి. మూడో దిక్కు కాలనీ చర్చి ఆడోళ్లు, పాస్టరయ్య. ముగ్గురూ "ఆయన మావోడు" అని వచ్చినోళ్లే. మరి ముందుగాల ఎవరు?

"మీరు కానియ్యుండ్రి, సాబ్."

"అరె నై నై స్వామీ, పహలే ఆప్."

"పాస్టరయ్యా, మీరు ప్రార్థన చెయ్యుండ్రి, మేము ఎన్క."

"అయ్యో, పెద్దోళ్లు మీరుండంగ..."

కంపెనీ బస్సు ఎక్కేటప్పుడు గింత మర్యాద ఎవడన్న చేస్తడా? మోచేతులతోని పొడుస్తరు. పెద్దబాపు లేచి కూసుంటే, "జల్దీ కానియ్యుండ్రయ్యా, ఎండెక్కుతున్నది" అనేటోడు. ఆఖరికి మా మేనత్త గద్దిరిచ్చింది. ముజావర్ సాబు దట్టి కప్పిండు, పాస్టరయ్య ప్రార్థన చేసిండు, స్వాములు శరణం చెప్పిన్రు. ఎన్క మావోళ్లం తీస్కపోయి కాలబెట్టినం.

కట్టె ఇంక కాలుతుండంగనే మా మేనమామ నా భుజం మీద చెయ్యేసిండు. "అల్లుడా, ముసలాయన ఉన్నన్ని దినాలు ఆయన ఇష్టం నడ్సింది. ఇగ పిల్లను ఒక దారిల పెట్టు. అటూ ఇటూ తిప్పుడు బంద్ చెయ్యి." ఇంటికి వస్తే మా ఆమె వాళ్ల అక్క, అంటే నాకు వదిన, అదే మాట ఇంకో దిక్కు నుంచి అన్నది. "ఏమయ్యా, చిట్టికి బాప్తిస్మం ఇప్పించుండ్రి. ఎన్ని దినాలు గట్ల గాలికి?"

చిట్టి నా బిడ్డ. ఆరేండ్లది. మా ఆమె పటాన్‌చెరుల ప్యాకింగ్ కంపెనీల చేస్తది, చర్చికి పోతది. నేను యాడికీ పోను. మేమిద్దరం షిఫ్టులల్ల ఉంటే పిల్లను చేతవట్టుకొని పీరీల కొట్టంకు, పడిపూజలకు, ఆదివారం చర్చికి తీస్కపోయింది పెద్దబాపు. ఆయన పోతె పిల్ల చెయ్యి ఎవరు పట్టుకోవాలె, యాడికి తీస్కపోవాలె? ఆ దినం నుంచి మా ఇంట్ల ఇదొక్కటే సవాలు. అందుకే ఆయన గురించి రాస్తున్న. మీలో ఎవరికన్న ఇట్లాంటి ఇల్లు ఉంటే పనికొస్తదేమో.

పెద్దబాపు కాజీపల్లిల బాయిలర్ కాడ చేసిండు. ఊక పోసుడు, మంట చూసుడు, మీటరు చూసుడు. ఎంత తోముకున్నా ఆయన చెవుల ఎన్క ఇంత బూడిద ఉండేది. మేము ఎవుసం చేసుకునేటోళ్లం, హిందువులం, కానీ ఊర్ల ఒక పీరును ఎత్తే వంతు తాతల కాడికెళ్లి మా ఇంటిది. మా తాత ఎన్క పెద్దబాపు ఎత్తిండు. ఇది ఆయన కోరుకున్నది కాదు, ఇంటితోని వచ్చింది.

మాల మాత్రం కోరుకున్నది. బాయిలర్ కాడ దోస్తులు ఏస్తుంటే ఒక ఏడు ఈయన గూడ ఏసిండు, ఇగ ఇడువలే. ఎందుకంటే చెప్పేటోడు: "చలికాలంల తెల్లారక ముందే చన్నీళ్లు పోసుకుంటే, ఈ ఒళ్లు నాది అనిపిస్తదిరా. మిగిలిన ఏడంత కంపెనీదే గద."

చర్చి సంగతి వేరే. మా పెద్దమ్మ సంగారెడ్డి దవాఖానల పడి ఉన్నప్పుడు మా చుట్టాలు వచ్చి అరటిపండ్లు పెట్టి పోయిన్రు. చర్చి ఆడోళ్లు మాత్రం వంతులేసుకొని ఆమె పక్కన కూసున్నరు. తల దువ్విన్రు, కాళ్లు ఒత్తిన్రు. పెద్దమ్మ దక్కలే. ఆమె పోయినంక వచ్చిన మొదటి ఆదివారం పెద్దబాపు తెల్లంగి ఏసుకొని చర్చిల పోయి ఎన్క వరుసల కూసున్నడు. ఊరంత గుసగుస, మతం మారిండని. నేను అడిగితే ఒక్కటే మాటన్నడు. "వాళ్లు మీ పెద్దమ్మ పక్కన కూసున్నరు. నేను వాళ్ల పక్కన కూసుంటున్న." పాస్టరయ్య ప్రతి క్రిస్మస్‌కు అడిగేటోడు, "ఇంక ఎప్పుడు పెద్దాయనా, బాప్తిస్మం?" అని. "నన్ను కూసోనియ్యి అయ్యా, గిదే మస్తు" అని ఈయన.

ఇగ ఇదంత విన్నోళ్లు ఏమనుకుంటరో నాకు తెల్సు. "ఆహా, అందరు దేవుళ్లు ఒక్కటే అన్న మహానుభావుడు" అనుకుంటరు. కానే కాదు. ఆ మాట వింటే ఆయనకు ఒళ్లు మండేది. ఒకసారి మా కంపెనీ ఆఫీసు సారు ఒకాయన చాయ హోటల్ల కలిసి, "మీరు గ్రేట్, అన్నీ ఒక్కటే అని నిరూపించిన్రు" అన్నడు. పెద్దబాపు సాసర్ కింద పెట్టిండు.

"సార్, మీకు మేనత్త ఉన్నదా?"

"ఉన్నది."

"చిన్నమ్మ?"

"ఉన్నది."

"ఇద్దరు ఒక్కటేనా?"

సారు నవ్విండు. ఈయన నవ్వలే. "రెండిండ్లకూ పోతరు. రెండిండ్లల్ల తింటరు. కానీ మేనత్త ఇంట్ల పరాచికం చెల్తది, చిన్నమ్మ కాడ చెల్లది. ఏ ఇంటి మర్యాద ఆ ఇంటిదే. అన్నీ ఒక్కటే అన్నోడు ఏ ఇంట్లకూ సరిగ్గ పోలేదన్నట్టు."

గంత పట్టింపు మనిషి ఒక ఏడు ఎట్ల ఇర్కిండో చెప్పాలె. పీరీల పండుగ నెలపొడుపు లెక్క. ఏటేటా ఎన్కకు జరుగుతది. ఎండల వచ్చే పండుగ కొన్నేండ్లకు చలిల వస్తది, ఇంక కొన్నేండ్లకు వానల వస్తది. మా పెద్దబాపు గోడకున్న తెలుగు క్యాలెండర్ చూసి, కార్తీకం రాంగనే మాల ఏసుకున్నడు. పీరీలు ఆ చలికాలంల వచ్చి పడతయని అసలు ఖయాలే లేదు. చిన్నపోరగాన్ని, నాకు బాగ యాదున్నది, ఒకనాడు పొద్దుగూకంగ ముజావర్ సాబు సైకిల్ మీద వచ్చి, "చాంద్ దిఖ్‌గయా భాయ్, రేపటికెళ్లి కొట్టం కడుగుడే" అన్నడు. నల్ల లుంగీ, నల్ల అంగి, మెడల మాల ఏసుకొని నిలబడ్డ మనిషిని అప్పుడు చూసిండు సాబు. ఇద్దరు ఒకరినొకరు చూసుకొని నెత్తి పట్టుకున్నరు.

బాయిలర్ కాడ దోస్తులకు ఇంతకన్న మజా యాడ దొరుకుతది? "స్వామీ, పరేషాన్ ఎందుకు? పీరీలకు నల్లబట్టలే, మాలకు నల్లబట్టలే. ఉతుకుడు ఖర్చు మిగిలింది!" పెద్దబాపు గురుస్వామిని, ముజావర్ సాబును ఇంటికి పిలిచి, ఒకే మంచం మీద కూసోబెట్టి, తను కింద కూసున్నడు. "రెండు మొక్కులు ఒక్క ఒంటి మీద మొయ్యలేను. తప్పు నాది. చెప్పుండ్రి" అన్నడు.

గురుస్వామి, "పీరీలు నీ ఇంటి వంతు, మాల తీసి దేవుని కాడ పెట్టు, తప్పులేదు" అన్నడు. ముజావర్ సాబు, "వద్దు. ఏసుకున్న మొక్కు నడుమ తెంపొద్దు, ఈ ఏడు నీ చిన్నాయన కొడుకు ఎత్తుతడు" అన్నడు. చూసిన్రా, ఎవలకాళ్లు తమ దిక్కు గుంజుకోలే, అవతలోని దిక్కు నూకిన్రు! ఇప్పుడు మా పోరగాండ్లు ఫోన్లల్ల పంపిచ్చుకునే వీడియోలు చూస్తే నాకు రక్తం మరుగుతది. వాళ్లకు ఆ మంచం చూపియ్యాలె.

ఆఖరికి పెద్దబాపు మాల ఉంచుకున్నడు. పీరు వేరేటాయన ఎత్తిండు. ఈయన ఊరంత పీరు ముందట నడుసుకుంట, ఎత్తినోని కాళ్ల మీద బిందెతోని నీళ్లు పోసిండు. ఆ పని ఆడోళ్లు, పిల్లలు చేసేది. నేను అవమానం అనుకొని ఏడుపు మొఖం పెట్టిన. ఈయన మొఖం చూస్తే వెలుగుతున్నది. ఇంటికొచ్చినంక అన్నడు: "మోసేటోనికి పీరు మొఖం కనవడదురా, నెత్తి మీద ఉంటది గద. ఇన్నేండ్లకు ఈ ఏడు చూసిన."

పదో తరగతి అయినంక నేను పాత పుస్తకాల బండి కాడ దొరికినవన్ని చదివి, యూనియన్ ఆఫీసుల మీటింగులకు పోయి, ఇంటికొచ్చి చెప్పేసిన, దేవుడు లేడని. తిడతడు అనుకున్న. పెద్దబాపు నన్ను పక్కన కూసోబెట్టుకున్నడు.

"సరే. అది గూడ ఒక ఇల్లే. దానికి గూడ మర్యాద ఉంటది."

"ఏం మర్యాద?"

"రిజల్టు నాడు దొంగతనంగ మొక్కద్దు. ప్రసాదం రుచి ఉన్నదని మళ్ల చెయ్యి చాపద్దు."

పీరీలకు రొట్టె, బెల్లం కలిపి చేసే మలీద ముద్దలంటే నాకు ప్రాణం. ఆ ఏడు పీరీలప్పుడు అందరికి పంచిండు, నన్ను దాటేసి పోయిండు! నేను "పెద్దబాపూ!" అంటే, "నీ ఇంట్ల ఇది తినరు గద బిడ్డా" అన్నడు. గంత ఖచ్చితం. నన్ను ఎన్నడూ గుళ్లకు గుంజలే, కానీ లేడు అన్న మాటను అల్కగ గూడ తీస్కోలే. నా మాటకు అంత విలువ ఇచ్చినోడు ఈ ఇండస్ట్రియల్ ఏరియా మొత్తంల ఇంకోడు లేడు.

చిట్టి పుట్టినంక నాకు, ఆయనకు గట్టిగనే పడ్డది. "పెద్దబాపూ, దాని బుర్ర ఖరాబ్ చేస్తున్నవ్. రేపు అది ఎవ్వలది కాకుంట పోతది" అన్న. ఆయన ఉల్లిగడ్డ కోసుకుంట, "మూడిండ్లల్ల అన్నం పెడుతున్నరు, ఆకలికైతే సావది" అన్నడు. నేను ఇంక అరిచిన. అప్పుడు కత్తి పక్కకు పెట్టి చెప్పిండు. "పిల్లకు దేవుణ్ణి ఇచ్చుడు మన చేతుల లేదురా. నీకు ఇయ్యగలిగిన్నా? మర్యాద నేర్పుడు మన చేతుల ఉన్నది. దేవుడు రావాలనుకుంటే ఆయనే వస్తడు, రాకుంటే లేదు. పిల్ల మాత్రం ఏ గడప కాడ నిలబడ్డా బిత్తర పోవద్దు."

నేర్పుడు అంటే ఉత్తగ కాదు. ఒకసారి పడిపూజల భజన జోరుగ నడుస్తున్నది. స్వాములందరు శరణం అని గొంతెత్తుతుంటే మా చిట్టి వాళ్లందరి కన్న గట్టిగ "హల్లెలూయ!" అన్నది. పూజ ఆగింది. ఒక స్వామి కండువ నోట్ల కుక్కుకున్నడు నవ్వు ఆగక. గురుస్వామి కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్వి, "చిన్నపిల్ల, ఇడ్సిపెట్టు" అన్నడు. పెద్దబాపు ఇడ్వలే. "చిన్నపిల్ల గాబట్టే" అని దాన్ని బయటికి తీస్కపోయి, కిందికి వంగి, దాని కండ్లల్లకు చూసుకుంట చెప్పిండు. "ఆ మాట మంచిదే. ఆదివారం మాట అది. ఇక్కడోళ్లు పిలుస్తున్న ఆయన వేరే పేరుకు పలుకుతడు. మీ అమ్మను పిలిచి, మేనత్త పేరు పెడితే ఎట్లుంటది?" చిట్టి ఆలోచించి, "అమ్మ కొడ్తది" అన్నది. "ఆఁ, అందుకే." మళ్ల లోపలికి తోల్కపోయి కూసోబెట్టిండు. ఈసారి సరిగ్గ అన్నది. స్వాములు జేజేలు కొట్టిన్రు.

ఇంకోనాడు చర్చి నుంచి వస్తుంటే చిట్టి అడిగింది: "తాతా, నీకు మూడిట్ల ఏది ఎక్కువ ఇష్టం?" నేను పక్కనే ఉన్న, చెవులు నిక్కపొడిచిన. నేను ఎన్నేండ్ల సంది అడుగుదామనుకున్న మాట అది. పెద్దబాపు, "నువ్వు మీ అమ్మను ఎక్కువ ఇష్టపడతవా, బాపునా?" అన్నడు. అది ఠక్కున "అమ్మను" అన్నది. పెద్దబాపు నెత్తి గోక్కున్నడు. గప్పుడు నవ్వినంత నేను ఎన్నడూ నవ్వలే.

పదోద్దినం నాడు చుట్టాలు మళ్ల కూడిన్రు. భోజనాలయినంక మేనమామ గొంతు సవరించుకున్నడు. వాళ్ల యూత్ సంఘంల చిన్నపిల్లలకు ఆదివారం ఆదివారం క్లాసు పెట్టిన్రంట, చిట్టిని పంపాలంట. వదిన ఊకుంటదా, "ఆదివారం చర్చి ఉంటది" అన్నది. పిల్లను నడుమ పెట్టి కబడ్డీ మొదలుపెట్టిన్రు. నాకు తిక్క లేసింది.

"ఎవ్వల కాడికీ పంప! నా బిడ్డ యాడికీ పోదు. నా లెక్క పెరుగుతది, అయిపోయింది!" అని అరిచిన.

అప్పటిదాక గిన్నెలు సర్దుతున్న మా ఆమె తలెత్తింది. "నీ లెక్కనా? నీ లెక్క అంటే ఎట్ల? నువ్వు పెద్దమామ చేతుల పెరిగి, అన్ని చూసి, వద్దన్నవ్. అది ఏం చూసి వద్దంటది?"

మా అత్తగారింటి చుట్టాలు ఖుషీగ వదిన దిక్కు తిరిగిన్రు, పిల్ల చర్చికే అని. మా ఆమె వాళ్లను గూడ ఆపింది. "అక్కా, నేను చర్చికి తీస్కపోతె అది నా పిల్ల అయి వస్తది. నాకది వద్దు." ఎన్క నా దిక్కు తిరిగి అన్నది: "చర్చికి నువ్వు తీస్కపో. పీరీలకు, పూజలకు నేను తీస్కపోత. పెద్దమామ ఉన్నన్ని దినాలు మనిద్దరం మన పని ఆయన నెత్తి మీద పెట్టి హాయిగ కొట్లాడుకున్నం."

మేనమామ, "ఇదేం పద్ధతి?" అన్నడు. "మా పద్ధతి" అన్నది ఆమె. వదిన మొఖం ముడుచుకున్నది. ఇద్దరూ చాయ గూడ తాగకుంట పోయిన్రు. పోనీ. నాకు మాత్రం పెద్ద కష్టమే తెచ్చి పెట్టింది. దేవుడు లేడన్నోన్ని నేను, పోయి చర్చిల కూసోవాలె. ఆమెకు తక్కువనా? కొట్టం కాడ అలాయి, అంటే నిప్పుల గుండం, చుట్టూ ఎట్ల తిరగాలెనో ముజావర్ సాబు పెండ్లాన్ని అడిగి నేర్చుకుంటున్నది, అత్తింటికి కొత్తగ పోయిన పిల్ల లెక్క.

మొన్న ఆదివారం మా ఆమెకు డ్యూటీ పడ్డది. నేను నైటు చేసి వచ్చి, చిట్టికి నీళ్లు పోసి, గౌను తొడిగి, జడ ఏసిన. జడ అంటే జడ కాదు, నాకు వచ్చిందేదో ఏసిన. చర్చిల ఎన్క వరుసల కూసున్నం. అందరు లేస్తే లేసిన, కూసుంటే కూసున్న. పాటలకు నోరు కదపలే. కండ్లు మూసుకొమ్మన్నప్పుడు మూసుకుంటే నిద్ర పట్టింది, చిట్టి తొడ గిల్లింది. నాకు దేవుడు గిట్ల ఎవరూ కనవడలే. ఉన్నది ఉన్నట్టు చెప్తున్న.

అయిపోయినంక బయట వరండాల చెప్పుల కోసం దేవులాడుతున్న. ఒక ముసలామె, మా పెద్దమ్మ పక్కన దవాఖానల కూసున్నోళ్లల్ల ఒకామె, చిట్టిని ఆపింది.

"ఎవలు ఏసిన్రు బిడ్డా ఈ జడ?"

"మా బాపు."

"గందుకే గిట్ల ఉన్నది."

మెట్టు మీద కూసొని, నన్ను అడగకుంటనే, పిల్లను ముందట నిలబెట్టుకొని జడ ఇప్పింది. దువ్వెన లేదు, వేళ్లతోనే చిక్కు తీసి, మూడు పాయలు చేసి, మెల్లగ అల్లుడు మొదలుపెట్టింది. చిట్టి ఇంట్ల జడ అంటే గెంతులేస్తది. ఇక్కడ మాత్రం కదలకుంట, తల వంచి, చేతులు గౌను మీద పెట్టుకొని నిలబడ్డది. నేను చెప్పులు చేతిల పట్టుకొని గేటు కాడికెళ్లి చూస్తున్న. దూరం నుంచి చూస్తే మొక్కుతున్నట్టే ఉన్నది.